డిజైన్ ప్రాజెక్ట్ మొదట్లో స్టూడెంట్స్ చేత ప్రశ్నలు అడిగించడం ఎలా?

బ్రీఫ్ (ఏం డిజైన్ చేయాలో చెప్పే కాగితం) చదివి వినిపించి "ఏమైనా డౌట్లున్నాయా" అంటే క్లాసంతా తల దించుకుంటోంది, ఏం చేయాలి అని అడిగారు. ముందు ఆ మాట మానేయండి. అది వినగానే అర్థం కానివాళ్ళే చెయ్యెత్తాలి అనిపిస్తుంది, ఇంకెవరెత్తుతారు చెప్పండి.

నేను డిజైన్ స్టూడియో క్లాసులు చెప్తాను. ఒక బ్యాచ్‌కి పెద్దవాళ్ళ కోసం చేతికర్ర డిజైన్ చేయమని ఇచ్చాం. కాగితం చేతిలో పడిందో లేదో ల్యాప్‌టాప్‌లు తెరిచి పింటరెస్ట్‌లో బొమ్మలు వెతకడం మొదలెట్టేశారు, ఒకడైతే అప్పుడే హ్యాండిల్‌కి టార్చిలైటు కూడా గీసేశాడు. అన్నీ మూయించి, మామూలు చేతికర్ర ఒకటి తెచ్చి టేబుల్ మీద పెట్టి, ఇవాళ ఎవరూ ఐడియాలు చెప్పొద్దు, ప్రశ్నలే అడగాలి, ఎవరు ఏం అడిగినా జవాబు చెప్పొద్దు అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. తర్వాత ఎంత పొడవుండాలి, ఎంత బరువుండాలి లాంటివి వచ్చాయి, బోర్డు మీద రాసేశా. అప్పుడు ఎప్పుడూ నోరు విప్పని ఒకమ్మాయి "కూర్చున్నప్పుడు దీన్ని ఎక్కడ పెట్టుకుంటారు మేడమ్?" అంది. పక్కనున్న కుర్రాడు లేచి కర్ర తీసుకెళ్ళి గోడకి ఆనించాడు, అది నున్నటి గచ్చు మీద మెల్లిగా జారి ఠపీమని పడింది.

ఇంక ప్రశ్నలు ఆగలేదు. నడుం వంగనివాళ్ళు దీన్ని కింద నుంచి ఎలా తీసుకుంటారు? రెండో చేతిలో సంచి ఉంటే తలుపెలా తీస్తారు? రాత్రి చీకట్లో మంచం పక్కన ఎలా దొరుకుతుంది? కర్ర పట్టుకోవడం నామోషీ అని ఇంట్లోనే వదిలేసేవాళ్ళ సంగతేంటి? వీటిలో ఒక్కటీ మేమిచ్చిన బ్రీఫ్‌లో లేదు.

ఆ మౌనాన్ని భరించడమే టీచర్లకి కష్టం. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1970ల్లోనే చూపించింది, టీచర్లు ప్రశ్న అడిగాక మామూలుగా ఒక సెకను మించి ఆగరని, 3 సెకన్లు ఆగితే చాలు పిల్లలు ఎక్కువసేపు మాట్లాడతారని, వాళ్ళ ప్రశ్నలూ పెరుగుతాయని. జవాబు చెప్పకూడదు, మంచీచెడూ అనకూడదు, అన్నది అన్నట్టు రాయాలి అనే రూల్స్ డాన్ రోత్‌స్టైన్, లూజ్ సంటానాల క్వశ్చన్ ఫార్ములేషన్ టెక్నిక్‌వి, అంటే పిల్లల చేతే ప్రశ్నలు తయారు చేయించే పద్ధతి. చివర్లో ప్రతి టీమ్ ముఖ్యమైన ప్రశ్నలు 3 ఎంచుకోవాలి, అసలు డిస్కషన్ అక్కడే మొదలవుతుంది, ఏది తీసేయాలి అని బాగా వాదించుకుంటారు, మీరు మధ్యలో దూరకండి.

ఇంకోటి, "వెరీ గుడ్ క్వశ్చన్" అని ఎవరినీ మెచ్చుకోవద్దు. ఒకరిని మెచ్చుకున్నారంటే మిగతావాళ్ళు తమది అంత బాగుందా లేదా అని లెక్కలేసుకుని ఊరుకుంటారు, ఇందులో నాకు ఏమాత్రం అనుమానం లేదు.

అసలు "ఒక యాప్ డిజైన్ చేయండి" అని బ్రీఫ్‌లోనే జవాబు పెట్టి ఇచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఇక పిల్లలు అడగడానికి ఏం మిగిలింది? మార్కులు చూడబోతే అన్నీ ఫైనల్ మోడల్‌కీ ప్రెజెంటేషన్‌కే. మీ చేతిలో ఉంటే టీమ్ ప్రశ్నలు రాసిన షీట్‌కి కూడా టీమ్ మొత్తానికి కలిపి కొన్ని మార్కులు పెట్టండి. ఏ ప్రశ్న ఎవరిదో పేర్లు మాత్రం రాయించకండి, రాయిస్తే వెనక బెంచీవాళ్ళు మళ్ళీ నోరు మూసుకుంటారు.