ముందు గాలి, ఆ తర్వాతే పైపు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పారిస్‌లో పాత చర్చి ఆర్గన్లు బాగుచేసే వర్క్‌షాపులో శిక్షణకి చేరుతున్నావని అక్క చెప్పింది. ఎంత సంతోషించానో! ఈ పనిలోనే తల నెరిసినవాణ్ణి, నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను.

19వ శతాబ్దపు ఫ్రెంచి ఆర్గన్ నిర్మాత కవాయే-కోల్ కట్టిన ఆర్గన్ ముందు నిలబడితే కళ్ళు పైపుల మీదికే పోతాయి. వాటి జోలికి అప్పుడే వెళ్ళకు. శ్రుతి దిగుతోందన్నా, స్వరం వణుకుతోందన్నా తప్పు చాలాసార్లు గాలిది. హార్మోనియం తిత్తికి చిల్లుపడితే మెట్లు సవరించి ఏం లాభం? తిత్తులు, గాలి గొట్టాలు, పైపుల కింద గాలి నిలిపే గాలిపెట్టెల్లోని తోలు ముందు చూడు. మెట్టు వదిలాక కూడా స్వరం మోగుతూనే ఉందంటే లోపల కవాటం సరిగా మూసుకోవడం లేదేమో వెతుకు. ఇవన్నీ చక్కబడ్డాక మళ్ళీ విను. సగం ఫిర్యాదులు అప్పటికే పోతాయి.

పైపు నోటి దగ్గర మాత్రం కత్తి పెట్టకు తల్లీ. ఆ పెదవి ఎత్తు, గాలి వచ్చే సన్నని సందు, కట్టినవాడు చెవితో కుదిర్చినవి. కాస్త కోశావంటే ఆ స్వరం మళ్ళీ రాదు. దుమ్ము తీసేముందు కూడా కొలతలు రాసుకో.

పారిస్‌లోని నోట్రదామ్ చర్చి సంగతి తెలుసుగా. 2019 అగ్నిప్రమాదంలో 1868 నాటి కవాయే-కోల్ ఆర్గన్ కాలలేదు, కానీ సీసం దుమ్ముతో నిండిపోయింది. దాదాపు 8,000 పైపులు విప్పి, శుభ్రం చేసి, తిరిగి కూర్చారు. స్వరాలు కుదిర్చే పని రాత్రిళ్ళు చేశారు, పగలు కట్టుబడి మోతలో వినపడదు కనుక. 2024 డిసెంబరు 7న అది మళ్ళీ మోగింది. కవాయే-కోల్ కంటే ముందు కాలపు పైపులూ, 20వ శతాబ్దంలో చేర్చినవీ అందులో కలిసే ఉన్నాయి. ఎవరైనా "అసలు రూపం" పేరుతో తర్వాతి తరాల పనిని పీకేద్దామంటే వెంటనే తలూపకు.

శ్రుతి చేసే రోజు హాలు వేడి ఎంతో చూసుకో. వేడెక్కితే మామూలు పైపుల శ్రుతి పెరుగుతుంది, లోహపు నాలుక కంపించి మోగే రీడ్ పైపులది అంతగా కదలదు. అందుకే రీడ్లను వాటికి కలపాలిగానీ, వాటిని రీడ్లకి కాదు.

ఆదివారాలు పారిస్‌లోనే ఉన్న సెయింట్ సుల్పీస్ చర్చికి వెళ్ళు. 1862లో కవాయే-కోల్ అయిదు కీబోర్డులతో కట్టిన ఆ ఆర్గన్ పెద్దగా మారకుండా మిగిలింది. నీ చెవికి అదే కొలబద్ద.

పైపుల్లో తగరంతోపాటు సీసం ఉంటుంది. చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముట్టుకోకు.

నీ మామయ్య