19 అడుగుల బోటుకు టవర్: ఎంత ఎత్తు చాలు?

ఫ్లోరిడా ఉత్తర తీరంలో కోబియా అనే పెద్ద సముద్రపు చేప వేటకు వాడే మీ 19 అడుగుల సెంటర్ కన్సోల్ బోటుకు (స్టీరింగ్ మధ్యలో ఉండే తెరిచిన బోటు), చేపలను పైనుంచి కనిపెట్టేందుకు టవర్ అమర్చవచ్చా, అమరిస్తే ఎంత ఎత్తు ఉండాలి, ఇప్పుడు స్టీరింగ్ పైన నీడకున్న కప్పు, అంటే టీ-టాప్ మీదికే ఎక్కి నిలబడితే సరిపోదా అని మీరు అడిగారు. అదే తీరంలోని పెన్సకోలా దగ్గర దాదాపు ఇదే కొలత గల బోటుకు నేను టవర్ కట్టించుకుని వాడుతున్నాను. నా అభిప్రాయం ఇది: టవర్ అమర్చుకోండి, కానీ నిలబడే పలక డెక్ నుంచి ఐదడుగుల ఎత్తు దాటకూడదు. టీ-టాప్ మీదికి మాత్రం ఎవరినీ ఎక్కనివ్వకండి.

ఐదడుగులే ఎందుకంటే, ఎత్తు చేసే మేలు ప్రధానంగా మన చూపు నీటిని తాకే కోణంలో ఉంది. డెక్ మీద నిలబడ్డ మనిషి కన్ను నీటిమట్టానికి సుమారు 2 మీటర్ల పైన ఉంటుంది. అక్కడి నుంచి 15 మీటర్ల అవతల నీటిని చూస్తే, నిశ్చలమైన నీటి లెక్కన, ఆ వైపు ఆకాశపు వెలుతురులో దాదాపు 45 శాతం నీటి మీద నుంచి మన కంటికే తిరిగి వస్తుంది. ఆ మెరుపు కింద చేప ఉన్నా కనబడదు. కన్ను 3.5 మీటర్ల ఎత్తుకు చేరితే ఈ మెరుపు 25 శాతానికి పడిపోతుంది, 5 మీటర్లకు చేరితే 15 శాతం అవుతుంది. మొదటి మీటరున్నర ఎత్తుకు దక్కిన లాభం, రెండో మీటరున్నరకు సగమే దక్కుతోందన్నమాట. దీనికి పోలరైజ్డ్ కళ్లద్దాలు తోడైతే మిగిలిన మెరుపులోనూ చాలా భాగం తగ్గుతుంది కాబట్టి, మంచి అద్దాలకు ఖర్చు పెట్టడానికి వెనకాడవద్దు.

వసంతంలో కోబియాలు ఈ తీరం వెంబడి తూర్పు నుంచి పడమరకు కదులుతాయి. ఉదయం వాటికి ఎదురుగా చూడాలంటే సూర్యుడి వైపే చూడాలి గనుక ఆ కాస్త ఎత్తు విలువ అప్పుడే బాగా తెలుస్తుంది. డెక్ మీద నుంచి ఏదో గోధుమరంగు నీడలా అనిపించేది, పలక మీద నుంచి చూస్తే వెడల్పుగా చాచిన పక్క రెక్కలతో, బల్లపరుపు తలతో, ఒక టేకు చేపకు (రే) కాస్త వెనకగా నింపాదిగా ఈదుతున్న కోబియాగా స్పష్టంగా కనబడుతుంది. సొరచేప అయితే ఒళ్లంతా మెలికలు తిప్పుతూ ఈదుతుంది. ఈ తేడా ముందే తెలిస్తే అనవసరంగా గాలం విసిరే పని తప్పుతుంది.

ఇక బరువు సంగతి. మనుషులు, ఇంధనం, ఇంజిన్ అన్నీ కలిపి బోటు 1300 కిలోలు తూగుతుందనుకుందాం. 80 కిలోల మనిషి డెక్ మీద నుంచి మీటరున్నర పైకి ఎక్కితే మొత్తం గరిమనాభి (బరువంతా కేంద్రీకృతమైనట్లుండే బిందువు) 9 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది, అది పైకి జరిగేకొద్దీ బోటు సులువుగా ఒరుగుతుంది. మూడు మీటర్లు ఎక్కితే 18 సెంటీమీటర్లు దాటుతుంది. టవర్ సొంత బరువు దీనికి అదనం. పైగా బోటు 15 డిగ్రీలు ఒరిగితే, నీటికి 5 మీటర్ల పైనున్న తల పక్కకు 1.3 మీటర్లు ఊగుతుంది. దాటి వెళ్లిన పెద్ద బోటు అల ఒక్కటి చాలు, పైనున్న మనిషి పట్టు జారడానికి. 20 అడుగుల లోపు బోట్లకు అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధనల ప్రకారం బిగించే కెపాసిటీ ప్లేట్ మీద రాసిన గరిష్ఠ బరువులో టవర్ బరువును కూడా కలుపుకోవాలి. ఆ మేరకు మనిషినో సామానునో తగ్గించుకోవలసిందే.

టీ-టాప్ ఎందుకు వద్దంటే, దాన్ని నీడ కోసం, గాలాలు నిలబెట్టడం కోసం తయారు చేస్తారు గానీ ఊగే మనిషి బరువు మోయడానికి కాదు. అల్యూమినియం గొట్టాలు వెల్డింగ్ చేసిన చోట వేడికి మెత్తబడతాయి, పగుళ్లు మొదలయ్యేది కూడా అక్కడే. కనుక టవర్ కాళ్లను టీ-టాప్‌కు తగిలించకుండా నేరుగా డెక్‌కో, బోటు పక్క అంచులకో, వీలైనంత ఎడంగా దింపించండి. ప్రతి కాలి కింద స్క్రూలు కాకుండా డెక్ పైనుంచి అడుగుదాకా దిగే బోల్టులు, వాటి అడుగున వెడల్పాటి ప్లేటు ఉండాలి. డెక్ లోపల బాల్సా చెక్కో ఫోమో ఉంటే, రంధ్రాన్ని పెద్దదిగా తొలిచి, ఎపాక్సీ అనే గట్టిపడే జిగురుతో నింపి, అది గట్టిపడ్డాక మళ్లీ బోల్టు కొలతకు తొలవాలి. లేకపోతే నీరు లోపలికి దిగి డెక్ కుళ్లిపోతుంది. స్టీలు బోల్టు అల్యూమినియానికి నేరుగా తగిలితే ఉప్పునీటిలో అల్యూమినియాన్ని తినేస్తుంది, మధ్యలో నైలాన్ వాషర్ వేయించండి.

పైన రెండో స్టీరింగ్ పెట్టించేట్లయితే ఇంజిన్‌ను ఆపే స్విచ్ కూడా అక్కడ తప్పనిసరిగా ఉండాలి. 26 అడుగుల లోపు బోట్లలో వేగంగా వెళ్లేటప్పుడు, మనిషి పడిపోతే ఇంజిన్ ఆగేలా ఆ స్విచ్‌కు తగిలించిన తాడును నడిపేవారు ధరించి ఉండాలని 2021 ఏప్రిల్ 1 నుంచి అమెరికా చట్టమే చెబుతోంది. నా వరకు నేను పైన స్టీరింగ్ పెట్టించలేదు. పైన ఒకరు చూస్తూ చెబుతుంటే కింద ఒకరు నడుపుతారు, బోటు వేగం అందుకునే ముందు పైవారు దిగిపోతారు. ఇద్దరుంటే ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

టవర్‌తో సముద్రంలోకి వెళ్లే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి, దాని మొదటి కొలత టవర్ బిగించకముందే తీసుకోవాలి. ముందుగా, ప్రశాంతమైన నీటిలో బోటును కట్టిన తాళ్లు వదులుగా ఉంచి, బోటును పక్కకు ఊపి పది ఊపులకు పట్టిన సమయం రాసుకోండి. బిగించాక, పలక మీద మనిషి బరువుకు సరిపడా ఇసుక బస్తాలు కట్టి మళ్లీ అలాగే కొలవండి. ఊపు మునుపటికన్నా బాగా నెమ్మదించి, బోటు తిరిగి నిటారు కావడానికి తాత్సారం చేస్తున్నట్లు అనిపిస్తే, వెల్డర్ దగ్గరికి తిరిగి వెళ్లి పలకను ఇంకో అడుగు దింపించండి.