ఆ మంత్రిగారి పది నెలలు

చిరంజీవికి ఆశీస్సులు.

జపాన్ నాయకుడు నవోతో కాన్ మీద నీవు పంపిన వ్యాసం చదివాను. 1946లో ఆయన పుట్టుక మొదలు 2010లో ప్రధాని కావడం వరకు తేదీలన్నీ శ్రద్ధగా కూర్చావు. అయితే పదవులన్నిటికీ సమానంగా చోటివ్వడం వల్ల అది సర్వీసు రిజిస్టరులా తయారైంది.

ఆరోగ్య సంక్షేమ మంత్రిగా ఆయన ఉన్నది 1996లో సుమారు పది నెలలే. నీవు దానికి రెండు వాక్యాలు కేటాయించావు. నేనైతే సగం వ్యాసం ఇస్తాను. వేడిచేసి శుద్ధి చేయని రక్త ఉత్పత్తుల వల్ల హిమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగులు వెయ్యిమందికి పైగా హెచ్‌ఐవి బారిన పడ్డారు. ఆ ప్రమాదం గురించి 1983 నాటికే అధికారులకు ఎంత తెలుసో చెప్పే కాగితాలు అడిగితే, అవి కనబడటం లేదని శాఖ చెబుతూ వచ్చింది. జనవరిలో బాధ్యతలు చేపట్టిన కాన్ శాఖలోనే విచారణ బృందాన్ని వేయించగా, కొద్ది వారాలకే ఆ ఫైళ్లు అక్కడే దొరికాయి. ఫిబ్రవరిలో ఆయన బాధితుల ఎదుట ప్రభుత్వ బాధ్యతను ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. మార్చిలో బాధితులు వేసిన దావాలు రాజీకి వచ్చాయి.

ఇది ఆయనకే ఎందుకు సాధ్యమైందో నీ వ్యాసం అడగాలి. ఏడాదికో మంత్రి మారే ఆ దేశంలో అధికారులు రాసిచ్చింది చదివి వెళ్లిపోయేవారే ఎక్కువ. కాన్ మాత్రం సంకీర్ణంలోని సకిగాకె అనే చిన్న పార్టీ మనిషి. 1974లో మహిళా హక్కుల నాయకురాలు ఫుసాయె ఇచికావా ఎన్నికల ప్రచారంలో పనిచేసి, తాను మూడుసార్లు ఓడి, 1980లో గానీ దిగువ సభకు చేరనివారు. ఆ ఓటములను మొదటి పేజీలో వృథా చేయక ఇక్కడికి తీసుకురా.

ఆయన మంత్రిగా ఉన్న 1996 వేసవిలోనే సకాయి నగరంలో వేలాది బడిపిల్లలు ఓ157 బాక్టీరియాతో జబ్బుపడ్డారు. ముల్లంగి మొలకలు కారణం కావచ్చునని ఆయన శాఖ ప్రకటించేసరికి వాటి అమ్మకాలు కుప్పకూలాయి. తర్వాత మంత్రిగారే కెమెరాల ముందు ఆ మొలకలు తిని చూపించవలసి వచ్చింది. (నవ్వొచ్చే మాట నిజమే గాని, పెంపకందారుల దావాల్లో చివరికి ఓడింది ప్రభుత్వమే.) గౌరవం కొద్దీ దీన్ని వదిలేశావనుకుంటాను, చేర్చు. ఫైళ్లను బయటికి లాగిన చొరవా, ఈ తొందరపాటూ ఒకే స్వభావంలోంచి వచ్చాయని నా అనుమానం.

2011లో భూకంపం మరునాడే ప్రధానిగా హెలికాప్టరులో ప్రమాదానికి గురైన ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రానికి వెళ్లడమూ ఆ కోవలోదే. దాన్ని ఒక్క పేరాలో ముగించు, లేకుంటే వ్యాసాన్నంతా అదే ఆక్రమిస్తుంది. పార్టీల మార్పుల జాబితా మాత్రం పూర్తిగా తీసేసి, తిరగరాసిన ప్రతిని పంపు.