క్యాజువాలిటీ డ్యూటీకి పోతున్న బిడ్డకు

బిడ్డా,

రేపటి నుంచి నీకు మెడిసిన్ క్యాజువాలిటీ అని మీ అమ్మ చెప్పింది. స్టెత్‌తో వినడం గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

వరంగల్‌లో పురుగుల మందు కేసులు ఎక్కువ. పత్తి మీద బతికే పల్లెలు మనవి, ఆ డబ్బా చేతికందేంత దూరంలోనే ఉంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు తాగినవాళ్లకు ఊపిరితిత్తుల్లో స్రావాలు నిండిపోతాయి. విరుగుడుగా ఎట్రోపిన్ ఇస్తాం, సరిపోకపోతే 5 నిమిషాలకోసారి డోసు రెట్టింపు చేస్తాం. రెట్టింపు చేసే ముందు ప్రతిసారీ ఛాతీ విను. పల్స్ పెరిగింది కదా అని ఆగిపోవద్దు. ఆక్సిజన్ తగ్గినా, భయపడినా పల్స్ పెరుగుతుంది. కంటిపాపలు ఆలస్యంగా మారతాయి. అన్నిటికంటే నమ్మదగ్గ గుర్తు తేటపడిన ఛాతీయే.

ముందువైపు రెండుచోట్ల ఆనించి వదిలేయకు. పేషెంటును పక్కకు తిప్పించి వీపు కింది భాగాల్లో, చంకల కింద, రెండువైపులా పోల్చి విను. మొదట బుడబుడమని ముతక క్రెప్స్ (ఊపిరితిత్తుల్లోని తడి శబ్దాలు), వాటితోపాటు పిల్లికూతలు ఉంటాయి. ఎట్రోపిన్ పనిచేస్తుంటే రెండూ తగ్గుతాయి. అంతా తేటపడి కుడివైపు కింద ఒక్కచోటే క్రెప్స్ మిగిలాయంటే వాంతి ఊపిరితిత్తిలోకి పోయి ఉండొచ్చు. అది ఎట్రోపిన్‌తో పోయేది కాదు.

పొట్ట మీద కూడా స్టెత్ పెట్టు. పేగుల శబ్దాలు ఆగిపోయి, ఒళ్లు కాలుతూ, మనిషి కలవరిస్తుంటే ఎట్రోపిన్ ఎక్కువైంది. ఎట్రోపిన్ డ్రిప్ ఆపి వెంటనే సీనియర్‌ని పిలువు. కొన్ని పురుగుల మందులు కొవ్వులో చేరి మెల్లమెల్లగా రక్తంలోకి వస్తాయి కాబట్టి సాయంత్రం తేటగా ఉన్న ఛాతీలో తెల్లారేసరికి మళ్లీ క్రెప్స్ రావచ్చు. నిద్రపోతున్నాడులే అని దాటిపోకు.

ఇంకొకటి. ఎందుకు తాగావని అందరి ముందు గద్దించకు. కోలుకున్నాక సైకియాట్రీ వాళ్లకు తప్పకుండా చూపించు.

ఆడవాళ్ల దగ్గర మొహమాటంతో చీర మీది నుంచే వినేస్తుంటారు. 1816లో పారిస్‌లో, స్టెత్ కనిపెట్టిన లానెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టింది కూడా ఒక యువతి గుండెకు నేరుగా చెవి ఆనించలేకే. మొహమాటం తప్పు కాదు, కానీ బట్ట రాపిడిలో అసలు శబ్దం పోతుంది. సిస్టర్‌ని పక్కన పెట్టుకుని, తెర లాగి, ఏం చేస్తున్నావో పేషెంటుకు చెప్పి చర్మం మీదే విను. ముఖ్యంగా ఆయాసంతో వచ్చిన గర్భిణికి. చిన్నప్పటి రుమాటిక్ జ్వరంతో గుండెలోని మైట్రల్ వాల్వు ఇరుకైన సంగతి చాలామందికి కడుపుతో ఉన్నప్పుడే బయటపడుతుంది. ఆ ఇరుకులోంచి రక్తం పోయే శబ్దం, అంటే మర్మర్, చాలా మంద్రంగా ఉంటుంది. ఎడమవైపు ఒత్తిగిలి పడుకోబెట్టి, ఊపిరి వదిలి ఆపమని, గుండె కొస దగ్గర స్టెత్‌కు గిన్నెలా ఉండే వైపును, అంటే బెల్‌ను మెత్తగా ఆనించు. గట్టిగా నొక్కితే అది చదునుగా ఉండే రెండో వైపు, అంటే డయాఫ్రమ్‌లా పనిచేస్తుంది, మర్మర్ వినపడదు.

ఆస్తమాతో ఎగపోస్తున్న మనిషి ఛాతీలో ఏ శబ్దమూ లేకపోతే తగ్గిందనుకోకు, గాలే ఆడట్లేదు. పరుగెత్తాల్సిన కేసు అది.

కేస్ షీట్‌లో ఊరికే ‘చెస్ట్ క్లియర్’ అని రాయొద్దు. ఏం విన్నావు, ఎక్కడ, ఎన్ని గంటలకు, అన్నీ రాయి. డ్యూటీ మారాక వచ్చే డాక్టరు తను విన్నదాన్ని దాంతోనే పోల్చుకోవాలి.

నీ పెద్దబాపు