సందేహాలు – సమాధానాలు: ‘ఇన్’ ఉంటే లేనట్టేనా?

సందేహం: ఇంగ్లీషు పదాలను ముందు ముక్క, అసలు ముక్క, వెనుక ముక్కగా విడగొట్టి నేర్చుకుంటే తొందరగా పట్టుబడతాయని ఒక పుస్తకంలో చదివాను. ‘ఇన్’ అంటే ‘కాదు’ అని అందులో ఉంది. ఆ లెక్కన ‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటే మండనిది కావాలి. నిఘంటువు మాత్రం తేలిగ్గా మండేది అంటోంది. ఏది నిజం? ఈ ముందు ముక్కను తెలుగులో ఉపసర్గ అనవచ్చా? అచ్చ తెలుగులో ఇటువంటివి ఉన్నాయా?

సమాధానం: నిఘంటువు మాటే నమ్మండి. ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని రాసి ఉన్న పీపా పక్కన అగ్గిపుల్ల గీయకండి. మీ పుస్తకం అబద్ధం చెప్పలేదు కానీ, సగమే చెప్పింది. లాటిన్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ‘ఇన్’లు రెండు. ఒకటి ‘కాదు’ అనేది, రెండోది ‘లోనికి’, ‘మీదికి’ అనేది. చూడటానికి కవలలే, పుట్టుకలో చుట్టరికం లేదు. లాటిన్‌లో ‘ఫ్లమ్మా’ అంటే మంట, ‘ఇన్‌ఫ్లమ్మారే’ అంటే నిప్పు అంటించడం. దానికి ‘తగినది’ అనే అర్థమిచ్చే ‘ఏబుల్’ చేరి, అంటుకోగలది అయింది. మీకు కలిగిన అనుమానమే చాలామందికి కలిగింది. ఈ అనుమానం ప్రాణాల మీదికి తెస్తుందన్న భయంతోనే 20వ శతాబ్దంలో హెచ్చరిక పలకల మీద ‘ఇన్’ తీసేసి ‘ఫ్లేమబుల్’ అని రాయడం అలవాటు చేశారు. మండనిది ‘నాన్‌ఫ్లేమబుల్’.

అన్నట్టు, ‘ఇన్’కు నిజంగానే ‘కాదు’ అనే అర్థం ఉన్నచోట కూడా తొందరపడకూడదు. ‘వాల్యుబుల్’ విలువైనది. ‘ఇన్‌వాల్యుబుల్’ విలువ లేనిది కాదు, వెల కట్టలేనంత గొప్పది. దీనికి ఆశ్చర్యపోయేవారు మన ‘అమూల్యం’ వైపు చూడాలి. ముక్కకు ముక్క సరిపోయింది, అర్థమూ అదే దారి పట్టింది.

మన ‘వి’ సంగతి చూడండి. విఫలం అంటే ఫలం లేనిది. అలాగని విఖ్యాతుడు ఖ్యాతి లేనివాడా? విశుద్ధం అంటే శుద్ధి లేనిదా? విజ్ఞానానికి ఎంత అవమానం! ఇంగ్లీషు ‘ఇన్’లు రెండు వేర్వేరు మాటలు, మన ‘వి’ ఒక్కటే ఉండి అనేక అర్థాలు మోస్తోంది. తేడా అంతే. నేర్చుకునేవాడికి చిక్కు మాత్రం ఒకటే. ఉపసర్గ ధాతువు (క్రియకు మూలమైన ముక్క) అర్థాన్ని బలవంతంగా వేరేచోటికి లాక్కుపోతుందని పాత శ్లోకం ఒకటి ఉంది. ప్రహారం, ఆహారం, సంహారం, విహారం, పరిహారం అంటూ ఉదాహరణలూ అందులోనే ఇచ్చారు. దెబ్బకూ తిండికీ ధాతువు ఒకటేనంటే విడగొట్టి చూస్తే తప్ప తెలియదు. విడగొట్టినంత మాత్రాన అర్థమూ తెలియదు.

ఇంకో తమాషా. సమానం కానిది ‘అన్‌ఈక్వల్’, అసమానత మాత్రం ‘ఇన్‌ఈక్వాలిటీ’. ‘అన్‌జస్ట్’, ‘ఇన్‌జస్టిస్’ కూడా అంతే. ‘అన్’ ఇంగ్లీషు సొంత సొమ్ము, అందుకని చేతికందిన విశేషణానికల్లా తగిలించుకుంటుంది. ‘ఇన్‌జస్టిస్’ లాంటివి ముక్కలుగా కాక మొత్తంగా లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా దిగుమతి అయ్యాయి. ఆ ‘అన్’, లాటిన్ నిషేధపు ‘ఇన్’, సంస్కృతంలో అచ్చుకు ముందు కనబడే ‘అన్’ (అనర్హంలో ఉన్నది) ఒకే మూలం నుంచి వచ్చినవి.

ఇక పేర్ల సంగతి. ఉపసర్గలు సంస్కృతంలో ‘ప్ర’ మొదలు ‘ఉప’ వరకు 22. నిషేధించే ‘అ’ ఆ జాబితాలో లేదు, దాన్ని నఞ్ అంటారు. కాబట్టి ఇంగ్లీషు ముందు ముక్కలన్నింటినీ ఉపసర్గలనడం కచ్చితం కాదు. ముందు ముక్కను పూర్వప్రత్యయం, వెనుక ముక్కను పరప్రత్యయం అనడం మేలని నా అభిప్రాయం. ప్రత్యయం సాధారణంగా వెనుకే చేరుతుంది కదా అని పాతకాలపు వైయాకరణులు ముఖం చిట్లించవచ్చు, చిట్లించనివ్వండి. అసలు ముక్కను ధాతువు అనడం క్రియలకే తగును. ‘ఫ్లమ్మా’ నామవాచకం, దాన్ని ప్రకృతి (ప్రత్యయం చేరే మూలరూపం) అనాలి.

అచ్చ తెలుగుకు పూర్వప్రత్యయాలు లేవు. మన భాష బరువంతా వెనుకనే ఎత్తుకుంటుంది. ‘చేయలేకపోయినవాళ్లందరికీ’ అన్న మాటలో ‘లేక’ కూడా వెనుక వరుసలోనే నిలబడింది. కలిమి, లేమి, నేర్పరి, పెద్దరికం అన్నీ తోక చేర్చి కట్టినవే. ముందు ముక్కలు కావలసి వచ్చినప్పుడు అరువు తెచ్చుకున్నాం. ‘అతితెలివి’లో తల సంస్కృతం, మొండెం తెలుగు. ‘ప్రతిరోజు’లో తల సంస్కృతం, మొండెం పారసీకం. గైరుహాజరు, బేఖాతరులలో తలలు కూడా ఉర్దూ మీదుగా వచ్చినవే.

పుస్తకాన్ని పారేయకండి, వాడే వరుస మార్చండి. ముందు అర్థం చూసి, తరువాత మాటను విడగొట్టండి. అప్పుడు ముక్కలు జ్ఞాపకానికి పనికొస్తాయి. ముందే విడగొడితే ‘అంకుల్’లో కూడా ‘అన్’ కనబడుతుంది. అది లాటిన్ ‘అవుంకులుస్’ అరిగిపోగా మిగిలిన మాట. అక్కడ దాని అర్థం మేనమామ.