పాపకు ‘ఇల’ అని పేరు పెట్టాలనుకుంటున్నారా? ఆసుపత్రి ఫారం నింపేముందు చూసుకోండి

కృత్తిక రెండో పాదంలో పుట్టిన పాపకు ‘ఇ’ అక్షరం వస్తుంది. చిన్న పేరు కావాలనే ఎన్నారై తల్లిదండ్రులకు అప్పుడు ముందుగా తట్టేది ఇల. మంచి పేరు, సందేహం లేదు. అమరకోశం దీనికి ఆవు, భూమి, వాక్కు అని మూడర్థాలు చెబుతుంది. ఋగ్వేదంలో సరస్వతి, భారతితో కలిపి స్తుతించే ముగ్గురు దేవతల్లో ఇళ ఒకరు. ‘ఇలవేల్పు’లోని ఇల మాత్రం ఇది కాదు, అది ఇల్లు.

పెద్దవాళ్లు అభ్యంతరం చెబితే అది పురాణకథ వల్లే. భాగవతం నవమస్కంధంలో వైవస్వత మనువు కొడుకు కోసం యాగం చేస్తే, భార్య శ్రద్ధ కోరిక వల్ల కూతురు ఇల పుడుతుంది. వసిష్ఠుడు ఆమెను సుద్యుమ్నుడిగా మారుస్తాడు. అతడు శివుడి వనంలో అడుగుపెట్టి మళ్లీ స్త్రీ అవుతాడు. అప్పుడు చంద్రుడి కొడుకు బుధుడి వల్ల పుట్టినవాడే పురూరవుడు. చంద్రవంశం మొత్తానికి మూలమైన తల్లి పేరు ఇది, వెనకాడాల్సిన పని లేదు.

అసలు చిక్కు స్పెల్లింగులో ఉంది. ఐ-ఎల్-ఎ అని రాస్తే చాలా ఫాంట్లలో పెద్ద ఐ, చిన్న ఎల్ ఒకేలా కనిపిస్తాయి. చూసినవాళ్లు రెండు ఎల్‌లు అనుకుని అలాగే టైపు చేస్తారు. బడి రికార్డుల్లో, బీమా కార్డుల్లో, విమాన టికెట్లలో తప్పులు దొర్లేది ఇక్కడే. ఫారాలన్నీ పెద్ద అక్షరాల్లోనే నింపండి. ఉచ్చారణ ఇంకో సంగతి: అమెరికా, బ్రిటన్‌లలో ‘ఐలా’ అని చదివేస్తారు, ఎందుకంటే అక్కడ బాగా వాడుకలో ఉన్న ‘ఐలా’ (ఐ-ఎస్-ఎల్-ఎ) చెవిలో ఉంటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో అది ఇటీవలి ఏళ్లలో మొదటి పది పేర్లలో కనిపిస్తోంది. మొదటి అక్షరం ఇంగ్లిష్ ‘ఈ’ చేసి ఈ-ఎల్-ఎ అని రాస్తే ‘ఎల్లా’ అవుతుంది. అందుకే ఐ-ఎల్-ఎ ఉంచుకుని, బడిలో చేరిన మొదటి రోజే టీచరుకు పలికి చూపించడం మేలు.

పేరు ఎంత వాడుకలో ఉందో చూడాలంటే అమెరికా సోషల్ సెక్యూరిటీ వాళ్ల పేర్ల జాబితా ఉంది. అది స్పెల్లింగును బట్టే లెక్కిస్తుంది, కాబట్టి ‘ఐలా’ అంకె చూసి ఇల కూడా అంతే అనుకోకండి. ఏడాదిలో 5 మందికన్నా తక్కువకు పెట్టిన పేర్లు అందులో రావు.

నామకరణం 21వ రోజున చేసుకోండి, కానీ అమెరికా ఆసుపత్రుల్లో సాధారణంగా డిశ్చార్జికి ముందే జనన పత్రం ఫారం అడుగుతారు. సోషల్ సెక్యూరిటీ నంబరుకూ అందులోనే టిక్ పెట్టాలి. ఇంగ్లండ్‌లో 42 రోజుల గడువుంది. రిజిస్టరయ్యాక 12 నెలల్లోపు అయితే పాప పేరు (ఇంటిపేరు కాదు) మార్చుకునే వీలుంది. అమెరికాలో ఆ నిబంధన రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, ఆలస్యమైతే కోర్టు ఉత్తర్వు కావాల్సి రావచ్చు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్లకు భారత ప్రభుత్వం ఇచ్చేది) మీద పేరు పాపకున్న విదేశీ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు, తాతమ్మ పేరు ఎక్కడ పెట్టాలో జనన పత్రం నాడే తేల్చుకోండి.