ఒక్క జత షూస్ కూడా యూరప్ కస్టమ్స్ ఆపుతుందా?

"జర్మనీలో ఉంటూ చైనా సైట్ నుంచి సొంతానికి ఒకే ఒక్క జత నకిలీ బ్రాండెడ్ షూస్ తెప్పించుకుంటే పట్టుకుంటారా?" అని ఒకరు అడిగారు. శుభ్రంగా పట్టుకుంటారు.

మా రూమ్మేట్ ఇలాగే ఆర్డర్ పెట్టాడు. షూస్ బదులు కస్టమ్స్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. జర్మన్ రాదని నన్నూ లాక్కెళ్లాడు. (పొద్దున్న తెరిచి మధ్యాహ్నానికే మూసేస్తే ఉద్యోగం చేసుకునేవాడు ఎప్పుడు వెళ్లాలో!) కౌంటర్‌లో ఆవిడ మావాడి చేతికే కట్టర్ ఇచ్చి పార్సెల్ కోయమంది. పైన "గిఫ్ట్, 10 డాలర్లు" అని రాసుంది. ఆవిడ షూ నాలుక వెనక్కి మడిచి లోపలి లేబుల్, కుట్లు చూసి, బ్యాంక్ యాప్‌లో ఎంత కట్టావో చూపించమంది. 45 యూరోలు. "అమ్మడానికి కాదండీ, వేసుకోడానికే" అన్నాడు వీడు. ఆవిడ మాట్లాడకుండా ఫారం ముందుకు తోసింది.

అదే షూస్ కాళ్లకి తొడుక్కుని విమానం దిగుంటే నకిలీలు పట్టే ఈయూ (యూరోపియన్ యూనియన్) కస్టమ్స్ రూల్ వర్తించదు, సొంత వాడకానికి తెచ్చుకునే లగేజీకి మినహాయింపు ఉంది. పోస్టుకి అది లేదు. డెన్మార్క్‌లో ఒకాయన చైనా సైట్‌లో నకిలీ రోలెక్స్ కొని ఈయూ కోర్టు దాకా పోరాడితే, 2014లో ఆయనకి వ్యతిరేకంగానే చెప్పారు. బ్రాండ్ వాడు కస్టమ్స్‌కి ముందే దరఖాస్తు పెట్టుంటే, మూడు వస్తువులో అంతకంటే తక్కువో ఉన్న చిన్న పార్సెల్ మీద పది పనిరోజుల్లో మీరు నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టే లెక్కేసి నాశనం చేసెయ్యొచ్చు.

షూస్ పోతే పోయాయి, నకిలీ నకిలీయే. నా కడుపుమంట వేరే. 2008 డిసెంబర్‌లో మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్ల లోసార్టాన్, బీపీ మందు సరుకు, బ్రెజిల్ వెళ్తుంటే నెదర్లాండ్స్‌లో పేటెంట్ పేరు చెప్పి ఆపేశారు. అది నకిలీ కాదు. ఇండియాలో గానీ బ్రెజిల్‌లో గానీ దానికి పేటెంటే లేదు. బ్రెజిల్ వెళ్లే దారిలో అక్కడ దిగిన సరుకు అది, చివరికి వెనక్కి ఇండియాకే వచ్చింది. దొంగ షూస్ పట్టే చట్టంతోనే బీపీ మందునీ పట్టుకున్నారంటే దాని వెనక పెద్ద కంపెనీల ఒత్తిడి తప్ప ఇంకేం లేదని నా అభిప్రాయం. 2010లో ఇండియా, బ్రెజిల్ డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) దగ్గరికి ఫిర్యాదుతో వెళ్లాయి. యూరప్‌లో అమ్ముతారనే ఆధారం లేకుండా దారిలో పోయే సరుకుని నకిలీ అనకూడదని ఈయూ కోర్టు ఒప్పుకునేసరికి 2011 డిసెంబర్ అయింది.